ఎలీశమ్మ చెవులు, ఎలీశమ్మ కాలు

దిల్‌సుఖ్‌నగర్,
14 సెప్టెంబరు 1969, ఆదివారం.

యావన్మంది బెల్లంపల్లి బొగ్గుబాయి ప్రజలకు, ముఖ్యంగా మా చెల్లె ఎస్తేరుకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా:

ఈ దినం పొద్దుగాల, చర్చి గంట కొట్టకముందే, కుమారి ఎలీశమ్మ గారికి కింది చిగురు మీద మొదటి పల్లు బయలుదేరినది. పల్లు క్షేమం. చిగురు క్షేమం. నా చూపుడువేలు మాత్రం క్షేమంగ లేదు. ఈ సందర్భంగా ప్రజలు శాంతంగా ఉండవలెననియు, నలుగురికి మించి గుంపు కూడరాదనియు కోరడమైనది.

నవ్వినవా? నవ్వకపోతే మల్ల మొదటికెల్లి చదువు.

ఈడ మా మైకు ధంద జోరు మీదున్నది. పొద్దుగాల కాలేజి పోరగాండ్లు ఒచ్చి నా రిక్షా, నా బూర, నా గొంతు మూడూ తీస్కపోతరు. "దుకాండ్లు బందు పెట్టుండ్రి" అని చంపాపేట దాంక ఒర్లుత. పగటీలి పోలీసోళ్లు ఒస్తరు. గదే రిక్షా, గదే బూర, గదే గొంతు. "ఎవరూ బయటికి రావద్దు" అని ఒర్లుత. సాయంత్రం కర్ఫ్యూ ఇడిస్తే సినిమా హాలోడు ఒస్తడు. మూడు పార్టీలకూ ఒక్కడే మనిషి అంటే తెలంగాణల నేనే. పక్కింట్ల కిరాయికున్న తెనాలి శ్రీరామమూర్తి సారు నా రిక్షా సప్పుడు కాంగనే కిటికీలు మూస్తడు. పాపం, ఆయన గల్లీలకు పోయినప్పుడు జర బూర మలుపుకుంట.

నువ్వు అప్పజెప్పిన పని చేసిన. పిల్లను డాక్టరమ్మ కుసుమకుమారి కాడికి తీస్కపోయిన. అమ్మ పోయినంక నువ్వు అన్నం మాని గోడ దిక్కు చూసుకుంట కూసున్ననాడు మనసుకు గోలీలు రాసిచ్చింది ఆమెనే గదా. కడుపుల బిడ్డ ఉన్నదని ఎరికుండే రాసిచ్చింది. పుట్టిన కొత్తల పిల్ల చేతులు వణికినయ్, పాలు సరిగ్గ తాగలే అని నువ్వు ఇప్పటికీ దిగులు పడుతున్నవని చెప్పిన. ఆమె వాళ్ల దిక్కు మాటల ఇట్లన్నది: "ఆ వణుకు తగ్గిపోయిందిగా, మంచిదే. కానీ ఈ మాత్రలు కొత్తవండీ. ఇవి వాడిన తల్లుల పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉంటారో మాకూ పూర్తిగా తెలీదు. మీరు కనిపెట్టి ఉండండి. వినికిడి, నడక, మాట. చూసింది చెప్పండి, అనుకున్నది చెప్పకండి."

నాలుగో క్లాసుల బడి ఎగ్గొట్టినోనికి ఇంత పెద్ద పని అప్పజెప్పింది. ఆమె ధైర్నం చూడు!

సరే, మొదటి పరీక్ష పెట్టిన. పిల్ల పండుకున్నంక ఉయ్యాల పక్కన మైకు బూర పెట్టి "హలో, హలో" అన్న. పక్కింటి మూర్తి సారు లేచిండు, గల్లీల కుక్కలు లేచినయ్, పిల్ల కన్ను గూడ తెరవలే. గాడిద పుట్టుక, మన నాయిన లెక్క.

సాయమ్మ దాన్ని చంక దించుతలేదు. మా పెండ్లయి ఇన్నేండ్లు ఈ ఇంట్ల నేనొక్కన్నే పోరన్ని. ఇప్పుడు నాకు పోటీ ఒచ్చింది. నీ పానం కుదుటవడ్డంక, ఈ బందులు సల్లవడ్డంక ఒచ్చి తీస్కపో. తొందర లేదు. దానియేలు బావకు వందనాలు.

ప్రకటన సమాప్తం.
నీ అన్న, మైకు యెహెజ్కేలు.


బెల్లంపల్లి,
2 అక్టోబరు 1969.

అన్నకు, వదినెకు ఎస్తేరు వందనాలు. దేవుని దయవల్ల మేము బాగున్నం, మీరు బాగుండాలె.

పల్లు ముచ్చట చదివి మస్తు నవ్విన. ఆయన గూడ నవ్విండు. తర్వాత ముచ్చట చదివినంక ఉత్తరం నా చేతుల్నించి జారింది.

బూర పక్కన పెట్టినా కన్ను తెరవలేదంటే ఏందన్నా దాని అర్థం? కుక్కలకు వినబడ్డది నా బిడ్డకు వినబడలేదా?

ఈడ మా సంఘంల గురువారం ఆడోళ్ల కూడిక ఉంటది. ఎవరింటికి కష్టం ఉత్తరం ఒచ్చినా తెచ్చి మా పాస్టరు అయ్యగారమ్మ చేతుల పెడితే ఆమె అందరి ముందట చదివి, దాని మీద ప్రార్థన చేపిస్తది. నేను గూడ ఇచ్చిన. ఆమె మొత్తం గట్టిగ చదివింది. "గాడిద పుట్టుక" కాడ జర ఆగి, దగ్గి, ముందలికి పోయింది. చదువుడు అయిపోయేసరికి ఆడోళ్లందరు ఏడుస్తున్రు. మా అత్తమ్మ లేచి, "నేను చెప్పలేదా? మనసుకు గోలి ఏందే? మనసుకు వాక్యం గావాలె. ఆ గోలి పోయి బిడ్డ చెవులల్ల కూసున్నది" అన్నది. ఎవ్వరూ ఆమెను కాదనలే. నేను గూడ కాదనలేకపోయిన.

శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండాలని అందరు కలిసి ఒప్పుకున్నరు. బాయిల దిగే మొగోళ్లు గూడ కొందరు ఉంటమన్నరు.

అన్నా, నీ కాళ్లు మొక్కుత, నిజం రాయి. చిన్నప్పుడు చందమామ బాయిల పడ్డదని చెప్పి, తోడుకుందాం రమ్మని నన్ను బాయి గడ్డ మీద నిలవెట్టి నువ్వు పోయి అన్నం తిన్నవ్. నేను చీకటి దాంక నిలవడ్డ. ఇప్పుడు అట్ల చెయ్యకు.

నీ చెల్లె,
ఎస్తేరు.


దిల్‌సుఖ్‌నగర్,
20 అక్టోబరు 1969.

బెల్లంపల్లి సంఘం వారికి, ఉపవాసం ఉన్నోళ్లకు, ఉండి చాటుకు పోయి గుడాలు తిన్నోళ్లకు గూడ వందనాలు!

చెల్లె, నీ ఉత్తరం అందింది. సాయమ్మకు చదివి వినిపించిన. ఆమె నా నెత్తి మీద ఒక్కటిచ్చి ఏదో రాయమన్నది. ఆమె చెప్పింది నేను తర్వాత రాస్త. ముందుగాల శుభవార్త విను.

మొన్న శుక్రవారం మన ఇంటి ముందట లారీ ఆగి హారను కొట్టింది. ఎలీశమ్మ గారు ఉలిక్కిపడి మెడ తిప్పిన్రు. నేను నమ్మలే. మేకను పట్టుకొచ్చి దాని మెడల గంట కొట్టిన. మల్ల మెడ తిప్పిన్రు. కుడి దిక్కు కొడితే కుడికి, ఎడమ దిక్కు కొడితే ఎడమకు! మీ ప్రార్థన బెల్లంపల్లిల బయలెల్లి ఇన్ని బందులు దాటుకొని, కర్ఫ్యూ పాసు లేకుంట దిల్‌సుఖ్‌నగర్ ఎట్ల చేరిందో గాని చేరింది.

ఒక్కటి రాసి పంపు. ఆ శుక్రవారం మీరు ఏ గంటకు ప్రార్థన చేసిన్రు? నువ్వు గంట రాస్తే నేను గదే గంటకు విన్నదని ఖాయం చేస్త.

ఇంకేంది? మూర్తి సారు భార్య నాగేశ్వరమ్మకు మన ఎలీశమ్మ మీద మస్తు పానం. ఉద్యమం సంగతి ఉద్యమందే, ఆవకాయ సంగతి ఆవకాయదే. సారుకు బదిలీ భయం, నాకు లాఠీ భయం, పిల్లకు ఏ భయం లేదు.

ఇట్లు,
స్వస్థత సమాచార శాఖ, దిల్‌సుఖ్‌నగర్.


బెల్లంపల్లి,
11 నవంబరు 1969.

అన్నకు, వదినెకు వందనాలు.

పదిగొట్టంగ చేసినం అన్నా! పొద్దుగాల పదిగొట్టంగ! అదే గంటకు గదా? ఆయనకు చెప్తే బయటికి పోయి మొకం కడుక్కొని ఒచ్చిండు.

పోయిన ఆదివారం నేను సాక్ష్యం చెప్పిన. అందరి ముందట నిలవడి, కడుపుల బిడ్డ ఉండంగ మనసు గోలీలు మింగినా అని ఒప్పుకున్న. గోలీలు పాడు చేసిన చెవులను దేవుడు తెరిచిండని చెప్పిన. ఎవరూ తిట్టలే. ముసలమ్మలు ఒచ్చి కావలిచ్చుకున్నరు. ఆడోళ్లు చెవులు కప్పేటట్టు నీలం రంగు ఊలు టోపీ అల్లిన్రు. పార్సిలు పంపిన, బిడ్డకు పెట్టుండ్రి.

అయితే ఒక ముచ్చట. క్రిస్మస్‌కు ఒచ్చి బిడ్డను తెచ్చుకుందామని ఆయన సెలవు గూడ పెట్టిండు. అయ్యగారు ఒద్దన్నడు. మొదలైన స్వస్థత నిండుగయ్యేదాంక ఆ జాగల నుంచి కదపొద్దన్నడు. నా మనసు ఒప్పుతలేదు. కాని నేను దగ్గరుంటే మల్ల ఏం చెడగొడుతనో అనిపిస్తది. ఇంకొన్ని దినాలు వదినె చేతులల్లనే ఉండనియ్యి.

వదినె ఏం రాయమన్నది? రాస్తనని రాయలే నువ్వు.

నీ చెల్లె,
ఎస్తేరు.


దిల్‌సుఖ్‌నగర్,
17 జనవరి 1971.

ఓటరు మహాశయులారా!

ఈ ఏడు గిదే పలకరింపు. మొన్న బందు మైకు పట్టిన పోరగాండ్లే ఇప్పుడు ఓట్ల మైకు పట్టిన్రు. బూర అదే, గొంతు నాదే. తుర్కయంజాల్ దాంక పోయి ఒస్తున్న. ఎల్బీనగర్ దాటినంక చేన్లల్ల మనుషులు లేరు, కొంగలకు ఓట్లడుగుత.

చెల్లె, నీ బిడ్డకు రెండేండ్లు నిండొస్తున్నయ్. దాని సంగతి రాస్త విను. నా బూరల మూతి పెట్టి "అలో అలో మైకు టెట్టింగ్" అంటది. నాగేశ్వరమ్మ కాడ తిరిగి తిరిగి ఆమె మాట పట్టుకున్నది. నిన్న నేను అన్నం కాడ గులుగుతుంటే, "ఏంటండీ మావయ్యా, అలా అరుస్తారేంటండీ" అన్నది! తెలంగాణ ఉద్యమం మైకు నాది, నా ఇంట్ల తెనాలి పిల్ల! నమ్మవు గదా? నువ్వు నమ్మవని తెలిసే రాస్తున్న.

పండుకునే ముందట నీ పెండ్లి ఫోటో ముద్దు పెట్టుకొని "అమ్మ" అంటది. రోజూ.

ఈస్టరుకు ఒచ్చి తీస్కపోత అని రాసినవ్. రా, నేను ఒద్దంటనా? నీ బిడ్డ. అయితే ఒక్క ముచ్చట చెప్పాలె. ఈ చలికాలంల కుడికాలు జర ఈడుస్తున్నది. ఇంట్ల ఇటు నుంచి అటు పోయేటప్పుడు సర్రు సర్రున సప్పుడు. భయపడకు. డాక్టరమ్మకు ఇంక చూపించలేదు. ఆ రైళ్లల్ల, ఆ బొగ్గు దుమ్ముల ఇప్పుడే ఎందుకు? ఎండాకాలం పోనీ, వానలు పడనీ.

సాయమ్మకు నీ ఉత్తరం చదివినప్పటి సంది వంటింట్లనే ఉన్నది. ఉల్లిగడ్డలు కోస్తున్న అంటది. మా ఇంట్ల అన్ని ఉల్లిగడ్డలు లేవు.

మీ అమూల్యమైన నమ్మకం నాకే వేసి గెలిపించ ప్రార్థన.
యెహెజ్కేలు.


బెల్లంపల్లి,
3 ఫిబ్రవరి 1971.

అన్నా,

ఏ కాలు ఈడుస్తున్నదో నువ్వు రాసినవ్, నేను నాలుగుసార్లు చదివి గూడ మల్ల అడుగుతున్న. కుడికాలేనా? ఎప్పటి సంది? పడిపోతున్నదా?

ఉత్తరం కూడికల చదివిన్రు. కొంగల ఓట్ల కాడ ఎవరూ నవ్వలే. అత్తమ్మ అన్నది: "చెవులల్ల నుంచి ఎళ్లగొడితే కాలుకు దిగింది. గోలి విషం ఒక్కసారి పోదు, మెల్లగ కిందికి దిగుకుంట పోతది." అట్లయితదా అన్నా? డాక్టరమ్మను అడుగు. మల్ల శుక్రవారాలు మొదలు పెట్టిన్రు.

ఈస్టరుకు రాను. ఆయన సెలవు ఎనకకు తీస్కున్నడు.

ఆ గోలీలు మింగినంకనే నాకు ఆకలయింది. నేను తిన్నదే గదా బిడ్డ తిన్నది అనుకున్న. బతికిచ్చిన అనుకున్న. పెద్దయినంక దానికి ఎవరన్న చెప్తరు, నీ తల్లి ఇట్ల చేసిందని. అప్పుడు నా మీద కోపం రాకుంట చూడు.

ఫోటో ముద్దు పెట్టుకుంటదని రాసినవ్. ఆ ఒక్క ముక్క కత్తిరించి బైబిల్ల పెట్టుకున్న.

ఎస్తేరు.


బెల్లంపల్లి,
9 అక్టోబరు 1972.

అన్నా,

చాన దినాలకు రాస్తున్న. నువ్వు నడిమిట్ల పంపిన కార్డులన్ని అందినయ్. నవ్వించే కార్డులే. జవాబు రాయలేకపోయిన.

మల్ల నీళ్లు పోసుకున్న. ఐదో నెల.

మల్ల అట్లనే అయితున్నది. అప్పుడు అమ్మ పోయిందని అనుకున్నం. ఇప్పుడు ఎవరూ పోలేదు, అయినా అదే గోడ, అదే కూసునుడు. అన్నం ముద్ద నోట్ల పెట్టుకుంటే నమలాలని యాదికి ఉంటలేదు. ఈడి దవాఖానల డాక్టరు పాత చీటి చూసి మల్ల అవే గోలీలు మొదలు పెడదామన్నడు. నేను ఒద్దన్న.

ఎందుకన్నవ్ అని ఆయన రోజూ అడుగుతున్నడు. నీకు చెప్త. బిడ్డ పాడైంది గనకనే గదా దేవుడు బాగు చేసిండు? నేనే నిలవడి సాక్ష్యం చెప్పిన గదా? ఇప్పుడు తెలిసి తెలిసి ఇంకొక బిడ్డను పాడు చేసి, మల్ల నువ్వే బాగు చెయ్యి దేవా అని ఏ మొకం పెట్టుకొని అడగాలె?

ఆయన పనికి పోతలేడు. నన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టనీకి భయం. మొన్న నేను బాయి కాడ చానసేపు నిలవడి లోపలికి చూసుకుంట ఉన్ననంట. ఆయనే ఒచ్చి చెయ్యి పట్టుకొని తీస్కొచ్చిండు.

చందమామ కోసం కాదన్నా.

ఎస్తేరు.


దిల్‌సుఖ్‌నగర్,
13 అక్టోబరు 1972.

చెల్లె,

గోలీలు మింగు. బిడ్డ చెవులు బాగున్నయ్. మొదటి సంది బాగున్నయ్. కాలు బాగున్నది. దానికేం కాలేదు. స్వస్థత గిస్థత ఏం లేదు, ఎందుకంటే రోగమే లేకుండె. నేను రాసింది తప్పు. బావను నీ పక్కకెల్లి కదలొద్దని చెప్పు. బాయి దిక్కు పోకు. ఎంటనే జవాబు రాయి.

అన్న.


బెల్లంపల్లి,
19 అక్టోబరు 1972.

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. నీ మంచితనం నాకు తెలుసు అన్నా.

ఉత్తరం కూడికల చదివిన్రు. చదువుడు అయిపోయినంక అయ్యగారమ్మ కాయితం తిప్పి తిప్పి చూసి, "ఇది మీ అన్న రాసిందేనా? ఇందుల ఒక్క పరాచికం లేదు" అన్నది. అందరికీ అదే అనిపించింది. నాకు గూడ. నువ్వు నవ్వులాటకు రాసినప్పుడల్ల నడిమిట్ల నిజం జారి పడ్డది: బూర ముచ్చటల చెవులు, చలి ముచ్చటల కాలు. ఇప్పుడు నన్ను బతికియ్యాలని గాబర గాబరగ ఒక అబద్ధం రాసినవ్. అబద్ధం రాసేటప్పుడు నీకు నవ్వురాలే. అంతే.

అత్తమ్మ అయితే, దేవుని కార్యాన్ని లేదన్నందుకు నీ మీద ప్రార్థన చెయ్యాలన్నది. చేసిన్రు.

నీ మీద నాకు కోపం లేదు. నా కండ్లతోని బిడ్డను చూస్తే నమ్ముత. కాని రైలెక్కి రానీకి నాకు లేచే సత్తువ లేదు. నేను బిడ్డను పంపుమంటే వదినె ఏమైపోతదో నాకు తెల్వదా? గందుకే అడుగుతలేను.

ఎస్తేరు.


దిల్‌సుఖ్‌నగర్,
28 అక్టోబరు 1972.

యావన్మంది బెల్లంపల్లి ప్రజలకు, ముఖ్యంగా గురువారం కూడిక ఆడోళ్లకు తెలియజేయునది ఏమనగా:

ఈ ఉత్తరం టపాల రాలేదు. దీన్ని తెచ్చింది కుమారి ఎలీశమ్మ. ఆమె గౌను జేబుల పెట్టి పిన్నీసు గుచ్చినం. మల్ల ముల్కీ లొల్లి మొదలైంది, బస్సులు, రైళ్లు ఎప్పుడు ఆగుతయో తెల్వదు, గందుకని పొద్దుగాల్నే బండెక్కిస్తున్న. సాయమ్మ ఎంట ఒస్తున్నది. నవ్వుకుంట సంచి సర్దింది, పిల్లకు నెత్తి దువ్వింది, టోపీ పెట్టింది. నేను బూర పట్టుకొని స్టేషను దాంక పోత.

అయ్యగారమ్మా, ఈ ఉత్తరం గూడ గట్టిగ చదువు. ఈసారి యాడ దగ్గకు.

చెల్లె, పిల్లను నీ ముందట నిలవెట్టుకొని పరీక్ష చెయ్యకు, నువ్వే దాని ఎనక నిలవడు. నిలవడి మెల్లగ, చెవుల గాలి ఊదినంత మెల్లగ, "బెల్లం ముక్క" అను. తిరిగి చూస్తది. చూడకపోతే నా ఉత్తరాలన్ని పొయ్యిల పెట్టు.

పోయిన ఆదివారం నుంచి నేను డాక్టరమ్మ చెప్పిన పని చేస్తున్న. చూసింది చూసినట్టు చెప్పుడు. మూడేండ్ల కింద చెయ్యాల్సింది. గురువారం పిల్లను ఆమె కాడికే తీస్కపోయినం. గంట కొట్టింది, గుసగుస పెట్టింది, ఉరికిచ్చింది, పంతులమ్మ లెక్క ప్రశ్నలు అడిగింది. పిల్ల ఆమె యాసల్నే జవాబులు చెప్తే, "మీ అమ్మాయా ఇది?" అని నా దిక్కు అనుమానంగ చూసింది. అంత అయినంక అన్నది: "నాకు కనపడినంతవరకూ బాగుందండీ. ముందు ముందు ఎలా ఉంటుందో రాసివ్వలేను. ఏటా చూద్దాం. మాత్రలు వేసుకుంటే బిడ్డకి ఏమవుతుందో మాకు కొంత తెలుసు, కొంత తెలీదు. వేసుకోకపోతే మీ చెల్లెలికి ఏమవుతుందో మాత్రం అప్పుడు మనం చూశాం." మల్ల "ఇన్నేళ్ళూ ఏం చూశారు మీరు?" అన్నది. "చూసిందే రాసినమ్మా, సగం రాసిన" అన్న.

ఆ మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్న.

బూర పక్కన పెట్టినా పిల్ల లేవలే, అది నిజం. మైకోని ఇంట్ల పుట్టిన సంది ఆ సప్పుడుల పండుకున్న పిల్ల ఎందుకు లేస్తది? వంటింట్ల సాయమ్మ గాజు కదిలితే లేస్తుండె. ఆ ముచ్చట రాయలే. అప్పుడు సాయమ్మ నా నెత్తి మీద కొట్టి రాయమన్నది గదే. లారీ హారను అబద్ధం, ఆ శుక్రవారం బందు, గల్లీల లారీయే లేదు. మేక గంట నిజమే గాని అంతకు ముందు గూడ తిరుగుతుండె. అంత మంది ఆకలితోని కూసున్నరు, ఏం కాలేదంటే వాళ్ల ఉపవాసం వట్టిగ పోతదని అనుకున్న. ఒక మంచి పరాచికమని గూడ అనుకున్న. వాళ్ల ఆకలి మీద నేను నవ్విన. అమ్మల్లారా, మాఫ్ చెయ్యిండ్రి.

కాలు ఈడుస్తది, అది గూడ నిజం. నా చెప్పులు ఏసుకొని నడిస్తే ఈడుస్తది. అప్పటికి రెండేండ్లు నిండని పిల్ల నా చెప్పులు ఏసుకుంటే ఇంకేం చేస్తది? చెప్పుల ముచ్చట కావాలనే రాయలే. నువ్వు ఈస్టరుకు ఒస్తనన్నవ్, వంటింట్ల ఉల్లిగడ్డల సప్పుడు నాతోని కాలే.

ఫోటో ముద్దు పెట్టుకుంటదన్నది అబద్ధం. ఫోటో అల్మారిల ఉన్నది. పిల్ల అమ్మ అనేది సాయమ్మను. ఆ ముక్కను బైబిల్లకెల్లి తీసెయ్యి, దాని జాగల ఇది పెట్టుకో: ఈ వారం దినాల సంది సాయమ్మ రోజూ ఫోటో చూపెట్టి "బెల్లంపల్లిల గీ అమ్మ ఉన్నది" అని చెప్తున్నది. పిల్ల "మరి మీరెవరండీ" అన్నది. ఆ తెనాలి మాటల ముచ్చట నేను రాసినవన్నిట్ల అసలు నిజం, నువ్వు నమ్మని ముచ్చట అదొక్కటే.

నాగేశ్వరమ్మ కొడుకు కంటే ఆలస్యంగ నడిచింది. కొత్త మొకం చూస్తే బెదిరి ఏడుస్తది. ఇది గోలీల వల్లనా, నా పెంపకం వల్లనా, ఉత్తగనా, నాకు తెల్వదు. చూసింది రాస్తున్న. కాబట్టి నిన్ను చూసినప్పుడు ఏడుస్తది. అది కోపం కాదు. జరసేపు ఏడ్వనియ్యి, తర్వాత బెల్లం పెట్టు.

గోలీల సంగతి నువ్వు, బావ, మీ డాక్టరు కూసొని తేల్చుకోండ్రి. నేను చెప్పేటోన్ని కాను, నాలుగో క్లాసోన్ని. నా అబద్ధాలు ముందట పెట్టుకొని మాత్రం తేల్చుకోకు. పిల్లను ముందట కూసోపెట్టుకొని తేల్చుకో.

సాయమ్మ నీ కాన్పు అయ్యేదాంక ఆడనే ఉంటది. పిల్ల తర్వాత గూడ ఆడనే ఉంటది. సాయమ్మ ఒక్కతే తిరిగొస్తది.

ఒక్కటి మరిచిన. నవ్వుకుంట సంచి సర్దిందని పైన రాసిన. అది నేను కల్పించింది.

యెహెజ్కేలు.